ఇంట్లో యాసిడ్‌తో బంగారం పరీక్ష: దేనికి పనికివస్తుంది, ఎక్కడ మోసపుచ్చుతుంది, దానికి బదులు ఏం చేయవచ్చు

ముద్ర లేని పాత నగ చేతికి వచ్చినప్పుడు, అది అమ్మకానికైనా, మార్పిడికైనా, అన్నదమ్ముల మధ్య పంపకానికైనా, ముందుగా తేలవలసింది దాని వన్నె. ఒక నల్లని గీటురాయి, మూడు నాలుగు చిన్న యాసిడ్ సీసాలు, కొసన వన్నె తెలిసిన బంగారం ఉన్న కొన్ని సూదులు కలిపి ఒకే పెట్టెగా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నందున, ఈ పనిని ఇంట్లోనే ముగించవచ్చునన్న ఆలోచన చాలామందికి వస్తోంది. ఆ ఆలోచనలో పూర్తిగా తప్పు లేదు. అయితే యాసిడ్ పరీక్ష అన్ని ప్రశ్నలకూ ఒకే నమ్మకంతో జవాబు ఇవ్వదు. "ఇది బంగారమా, గిల్టా" అన్న ప్రశ్నకు అది చక్కగా జవాబిస్తుంది. "14 కారట్లా, 22 కారట్లా" అంటే ఫరవాలేదనిపిస్తుంది. "22 అని చెప్పి అమ్మిన ఈ గొలుసు నిజంగా 22 ఉందా, 20 ఉందా" అని అడిగితే, చేయి తిరిగిన కంసాలి చేతిలో తప్ప, నమ్మదగిన జవాబు రాదు. మన ఇళ్లలో ఎక్కువగా వచ్చేది ఈ మూడో ప్రశ్నే.

ఆ తేడా విలువ ఎంతో ఒక లెక్కతో చూడవచ్చు. 40 గ్రాముల గొలుసు 916 వన్నె (వెయ్యికి 916 పాళ్లు బంగారం), అంటే 22 కారట్లు అయితే, అందులో మేలిమి బంగారం 36.64 గ్రాములు ఉంటుంది. అదే గొలుసు 833 వన్నె, అంటే 20 కారట్లు అయితే, 33.32 గ్రాములే ఉంటుంది. ఇంట్లో గీటురాయి మీద చూస్తే రెండు గీతలూ దాదాపు ఒకే తీరుగా కనిపించవచ్చు గాని, మధ్యనున్న 3.32 గ్రాముల బంగారం ఎవరో ఒకరి జేబులోంచి పోయే సొమ్ము. కనుక పరీక్ష పద్ధతిని ఎంచుకునే ముందు, ఆ పరీక్ష ఫలితం మీద ఎంత డబ్బు చేతులు మారబోతోందో చూసుకోవడం అవసరం.

ముందు ముద్ర చూడండి

యాసిడ్ సీసా మూత తీసే ముందు భూతద్దంతో నగను వెతకాలి. ఉంగరానికి లోపలి వైపు, గాజుకు లోపలి అంచున, గొలుసుకు కొక్కెం దగ్గర ముద్ర ఉంటుంది. మన దేశంలో 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కింగ్ (నగను పరీక్షించి వన్నె ముద్ర వేయడం) తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఆ నిబంధన వర్తించే నగలను ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకుండా దుకాణాల్లో అమ్మకూడదు. కొత్త నగ మీద మూడు గుర్తులు ఉంటాయి: బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) త్రికోణపు ముద్ర, 22కే916 వంటి వన్నె గుర్తు, హెచ్‌యూఐడీ. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగల వ్యాపారి వివరం, పరీక్షించిన కేంద్రం, నగ రకం, వన్నె కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది సంఖ్య దొరికిందని సంతోషించి ఆగిపోతారు. యాప్ చూపిన నగ రకం చేతిలో ఉన్న నగతో సరిపోతోందా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే ఒక ఉంగరం మీది సంఖ్యను వేరొక గొలుసు మీద చెక్కడం అసాధ్యమైన పనేమీ కాదు. హెచ్‌యూఐడీ రాకముందు నాలుగు గుర్తులతో వేసిన పాత హాల్‌మార్క్ కూడా కొన్నవారి చేతిలో ఉన్నంతవరకు చెల్లుతుంది.

పాత నగల మీద తరచుగా కనిపించే "కేడీఎం" అన్న అక్షరాలను మాత్రం వన్నెకు హామీగా తీసుకోకూడదు. అది అతుకులకు కాడ్మియం కలిసిన టంకం వాడారని చెప్పే మాట మాత్రమే. కాడ్మియం పొగ పనివారి ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు హాని చేస్తుంది. అంతకు ముందు రాగి, వెండి ఎక్కువగా కలిసిన టంకం వాడేవారు కాబట్టి, పాత నగల్లో రేకు 22 కారట్లు ఉన్నా అతుకు దగ్గర వన్నె బాగా తగ్గి ఉంటుంది. ఏ పద్ధతిలో పరీక్షించినా, ఎక్కడ పరీక్షించారన్నది ఫలితాన్ని మార్చేస్తుందని ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి.

అయస్కాంతం, నీళ్ల తూకం

అయస్కాంతం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నగ అంటుకుంటే లోపల ఇనుము లాంటి లోహం ఉంది. అంటుకోకపోతే ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే రాగి, ఇత్తడి, వెండి కూడా అంటుకోవు. గొలుసు కొక్కెంలోని స్ప్రింగు ఉక్కుది అయితే నికార్సైన నగ కూడా అక్కడ లాగినట్టు అనిపిస్తుంది. వెనిగర్‌లో నానబెట్టడం, పంటితో కొరకడం వంటివి కాలక్షేపానికి తప్ప పరీక్షకు పనికిరావు. ముత్యాలు, పగడాలు పొదిగిన నగను వెనిగర్‌లో వేస్తే బంగారం సంగతి తేలకముందే ముత్యం మెరుపు పోతుంది.

నీళ్ల తూకం వీటికంటే చాలా మేలైనది, పైగా నగకు గీత కూడా పడదు. మేలిమి బంగారం సాంద్రత 19.3. రాగి, వెండి కలిపిన 22 కారట్ల బంగారానిది సుమారు 17.6 నుంచి 18 వరకు, 18 కారట్లది 15 నుంచి 16 వరకు ఉంటుంది. రాగిది 9 లోపే. పద్ధతి ఇలా ఉంటుంది. ముందు నగను పొడిగా తూచాలి. తరువాత తక్కెడ మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, నగను సన్నని దారంతో కట్టి, గిన్నె అడుగుకు, గోడలకు తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు తక్కెడ చూపే అంకె నగ తొలగించిన నీటి బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 24 గ్రాముల గాజు 1.36 చూపితే 17.6 వస్తుంది, అంటే 22 కారట్లకు దగ్గరగా ఉన్నట్టు.

ఈ పద్ధతికి ప్రాణం తక్కెడ. వంటింటి తక్కెడ 0.1 గ్రాము వరకే చూపుతుంది. 8 గ్రాముల ఉంగరం నిజంగా 0.45 గ్రాముల నీటిని తొలగిస్తే సాంద్రత 17.8 అవుతుంది గాని, ఆ తక్కెడ 0.4 చూపితే 20, 0.5 చూపితే 16 వస్తాయి. మొదటిది ప్రపంచంలో లేని బంగారం, రెండోది 18 కారట్లు. కనుక 0.01 గ్రాము చూపే తక్కెడ ఉంటేనే, అదీ పది గ్రాములు దాటిన గట్టి నగలకే దీన్ని వాడాలి. లోపల లక్క పోసిన నగలు, బోలు గాజులు, రాళ్లు పొదిగినవి, నల్లపూసలు గుచ్చినవి ఈ తూకానికి లొంగవు. లక్క పోసిన నగ ఎంత మంచి బంగారమైనా తక్కువ సాంద్రతే చూపుతుంది. ఇంకొక లోపం కూడా ఉంది. టంగ్‌స్టన్ సాంద్రత 19.25 కావడంతో, దాని మీద బంగారం తొడిగిన బిస్కెట్టు నీళ్ల తూకంలో మేలిమి బంగారంలాగే ఉంటుంది.

గీటురాయి, యాసిడ్

గీటురాయి పరీక్షలో యాసిడ్ తగిలేది నగకు కాదు, రాయి మీద నగ వదిలిన గీతకు. నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) ఒంటరిగా బంగారాన్ని కరిగించదు. రాగి, ఇత్తడి, వెండి వంటివాటిని కరిగిస్తుంది. దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా కలిపే కొద్దీ ఎక్కువ వన్నె బంగారాన్ని కూడా కరిగించే బలం వస్తుంది. పాఠాల్లో చదువుకున్న ద్రవరాజం ఈ రెండింటి మిశ్రమమే. పెట్టెలోని 14, 18, 22 సీసాల మధ్య తేడా ఈ పాళ్లలోనే ఉంటుంది. 18 సీసాలోని యాసిడ్‌కు 18 కంటే తక్కువ వన్నె గీత మాయమవుతుంది, 18, ఆపైన వన్నె ఉన్న గీత నిలుస్తుంది.

రాయి మీద జరిగేది చూడటానికి ముచ్చటగా ఉంటుందని ఒప్పుకోవాలి. ఇత్తడి గీత మీద చుక్క పడగానే బుసబుసమని పొంగి, ఆకుపచ్చగా మారి, రెండు మూడు క్షణాల్లో రాయి మళ్లీ నల్లగా మిగులుతుంది. వెండి ఎక్కువగా ఉన్న గీత, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన చుక్క కింద, విరిగిన పాల లాంటి తెల్లని పొరగా మారుతుంది. 18 కారట్ల గీత 22 యాసిడ్ కింద ఒక్కసారిగా పోదు. అంచుల నుంచి పలచబడి, గోధుమ రంగుకు తిరిగి, నెమ్మదిగా కరుగుతుంది. 22 గీత అక్కడే పసుపుగా నిలుస్తుంది. 20 కారట్ల గీత ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, చూసేవారిని తికమక పెట్టేది అదే. బ్యాంకుల్లో బంగారు రుణాలకు నగలు చూసే అప్రైజర్లు ఈ రాయినే వాడుతున్నారు కదా అని కొందరు అంటారు. వారు వన్నె తెలిసిన సూదితో పక్కనే మరో గీత గీసి, రెండింటి మీదా ఒకే చుక్క పారించి, కరిగే వేగాన్ని పోల్చి చూస్తారు. ఆ కన్ను ఏళ్ల తరబడి అలవాటు మీద వస్తుంది గాని, పెట్టెతో పాటు రాదు.

ఇంటి పరీక్ష దెబ్బతినే చోట్లు రెండు. మొదటిది పూత. మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకు పేరుపడిన ఊరు. అక్కడి నగలను, వన్ గ్రామ్ గోల్డ్ నగలను గిల్టు నగలుగానే అమ్ముతారు కాబట్టి అందులో మోసం లేదు. కానీ అలాంటి నగ రెండు చేతులు మారి, అసలు బంగారమన్న మాటతో మన దగ్గరకు వచ్చినప్పుడు, పైపైన గీసిన గీత పూతనే చూపుతుంది. అనుమానం ఉంటే, కనపడని చోట ఆకురాయితో సన్నగా రాపాడి, లోపలి లోహంతో గీత గీయాలి. అంటే నగ మీద గాటు పడుతుంది. ఆ గాటు ఇష్టం లేని నగను యాసిడ్ పరీక్షకు పెట్టకపోవడమే మంచిది.

రెండోది యాసిడ్ వయసు. ఈ మిశ్రమాలు నెలల్లో బలం కోల్పోతాయి. బలం తగ్గిన యాసిడ్ తక్కువ వన్నె గీతను కూడా కరిగించలేక వదిలేస్తుంది, దాంతో 18 కారట్ల నగ 22గా నెగ్గుతుంది. అంటే పాత యాసిడ్ చేసే తప్పు ఎప్పుడూ కొనేవారికి నష్టం తెచ్చేదే. అందుకని ప్రతిసారీ ముందు 18 కారట్ల సూదితో గీత గీసి 22 యాసిడ్ పోసి చూడాలి. అది కరగకపోతే ఆ సీసాతో ఇక ఏమీ పరీక్షించకూడదు.

కారట్ మీటరు, హాల్‌మార్కింగ్ కేంద్రం

పెద్ద నగల దుకాణాల్లో "కారట్ మీటరు" అని పిలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నగ మీదకు ఎక్స్‌ కిరణాలు పంపి, తిరిగి వచ్చే కిరణాలను బట్టి బంగారం, వెండి, రాగి, కాడ్మియం ఎంతెంత ఉన్నాయో ఒకటి రెండు నిమిషాల్లో చూపుతుంది. నగకు గీత పడదు, యాసిడ్ అక్కర్లేదు. 22కూ 20కీ మధ్య తేడాను ఇది సులువుగా పట్టేస్తుంది. దీని బలహీనత ఒక్కటే: ఇది చూసేది పైన వెంట్రుక మందం కంటే తక్కువ లోతును మాత్రమే. మందమైన పూత దీన్ని కూడా బోల్తా కొట్టించగలదు. అందుచేత గొలుసులో ఒకే కొస కాకుండా మూడు నాలుగు చోట్ల, అతుకు దగ్గర ఒకసారి, రేకు మీద ఒకసారి చూపించమని అడగాలి. నగను కొనబోతున్న దుకాణమే ఉచితంగా మీటరు చూపినప్పుడు, ఆ అంకె మీద వారికి కూడా ఆసక్తి ఉంటుందన్న సంగతి మరచిపోకూడదు. రెండో చోట చూపించడం అమర్యాద కాదు.

బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో సామాన్య వినియోగదారు కూడా నేరుగా తన నగను పరీక్షించుకోవచ్చు. 2022లో ప్రకటించిన రుసుము ప్రకారం నాలుగు నగల వరకు 200 రూపాయలు, ఐదు, అంతకు మించితే నగకు 45 రూపాయలు, పన్ను అదనం. ఈ ఒక్క సంగతి తెలిస్తే యాసిడ్ పెట్టె కొనాలనుకునేవారిలో సగం మంది ఆగిపోతారని నా అభిప్రాయం. కేంద్రం ఇచ్చే నివేదిక అమ్మకంలోనూ, పంపకాల్లోనూ మాట చెల్లే కాగితం. ఇంటి రాయి మీది గీతను ఏ వ్యాపారీ లెక్కలోకి తీసుకోడు. హాల్‌మార్క్ ఉన్న నగలో వన్నె తక్కువని తేలితే, నగ బరువు మీద తగ్గిన వన్నె విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కొన్నవారికి చెల్లించాలని 2018 బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి.

కేంద్రానికి వెళ్లినప్పుడు ఒక మాట ముందే అడగాలి: పరీక్ష ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తోనా, తునక తీసి పుటం వేసా? పుటం పరీక్షలో నగ నుంచి చిన్న తునక తీసి, వెండి కలిపి, సీసం రేకులో చుట్టి కొలిమిలో కరిగిస్తారు. రాగి వంటి హీన లోహాలు సీసంతో పాటు మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన గుండును రేకుగా సాగదీసి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగి, మేలిమి బంగారం మాత్రం నిలుస్తుంది. దాన్ని తూచి అసలు తునక బరువుతో పోలుస్తారు. వన్నె వెయ్యికి ఒక పాలు లోపు తేడాతో తెలిసే పద్ధతి ఇదే. నకాషీ పని ఉన్న వడ్డాణానికో, పుస్తెలకో తునక తీయడానికి ఎవరికీ మనసు ఒప్పదు. కరిగించి కొత్త నగ చేయించాలనుకున్న విరిగిన గొలుసుకైతే ఇంతకు మించిన తీర్పు లేదు.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

అమ్మకం, మార్పిడి, పంపకం ముందున్నప్పుడు హాల్‌మార్కింగ్ కేంద్రాన్నే ఎంచుకోవాలి, రెండో మాట లేదు. తాకట్టుకు అయితే అప్రైజరు ఎలాగూ చూస్తాడు కాబట్టి వేరుగా ఖర్చు పెట్టనవసరం లేదు. లక్క పోసిన నగలు, ముత్యాలు, పగడాలు, పచ్చలు పొదిగినవి, తాతల నాటి నకాషీ నగలు ఉంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఒక్కటే సరైనది. యాసిడ్ చుక్క జారి పగడం మీద పడితే అది నురగలు కక్కుతుంది, ఆ రాయి ఇక పనికిరాదు. ఊళ్లో కేంద్రం దగ్గరలో లేక, ఒక గట్టి గాజో, కాసో అసలుదా కాదా అని మాత్రమే తెలుసుకోవాలంటే నీళ్ల తూకంతో మొదలుపెట్టాలి.

యాసిడ్ పెట్టె అర్థవంతమయ్యేది ఒకే పరిస్థితిలో: ముద్రలేని చిన్న చిన్న ముక్కలు, విరిగిన దుద్దులు, తెగిన గొలుసు తునకలు తరచుగా చేతికి వస్తూ, వాటిలో గిల్టునూ బంగారాన్నీ వేరుచేయవలసి ఉన్నప్పుడు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇది కొంత ఎక్కువగా వర్తిస్తుంది. అక్కడి నగల్లో 10, 14 కారట్లవి ఎక్కువ కాబట్టి, వాటికీ మన 22 కారట్ల నగలకూ మధ్య తేడాను రాయి మీద గుర్తించడం తేలిక. ఇంట్లో పసిపిల్లలున్నా, ఆస్తమా ఉన్నవారున్నా మాత్రం, ముక్కలు ఎన్ని ఉన్నా ఈ పెట్టెను ఇంటికి తేకూడదు.

చేయాలనే నిశ్చయిస్తే

యాసిడ్ చిల్లరగా కొనడం కూరగాయలు కొన్నంత సులువు కాదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశించిన ప్రకారం అమ్మేవారు కొనేవారి గుర్తింపు కార్డు చూసి, చిరునామా, అవసరం రిజిస్టరులో రాసుకోవాలి. 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఏమీ అడగకుండా పేరులేని సీసాలో పోసి ఇచ్చేవారి దగ్గర కొనవద్దు. అందులో ఏముందో, ఎంత బలముందో తెలియదు. విదేశాల నుంచి వస్తూ సూట్‌కేసులో పెట్టుకుని రావడం కూడా కుదరదు. విమానంలో చేతి సంచీలోనూ, చెక్-ఇన్ సామానులోనూ యాసిడ్ నిషిద్ధం.

పరీక్ష వంటింట్లో చేయకూడదు. గాలి ఆడే వరండాలోనో బాల్కనీలోనో, పింగాణీ పళ్లెంలో రాయిని పెట్టి చేయాలి. చలువరాయి గట్టు మీద చుక్క పడితే మచ్చ శాశ్వతం. మామూలు కళ్లద్దాలు చాలవు, పక్కల నుంచి కూడా మూసే రక్షణ అద్దాలు కావాలి. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. అయితే గాఢ నత్రికామ్లం ముందు పలచని తొడుగు ఎక్కువసేపు నిలవదు కాబట్టి, దాని మీద చుక్క పడితే వెంటనే తీసేసి చేతులు కడుక్కోవాలి. పక్కన గిన్నెడు నీటిలో వంట సోడా కలిపి సిద్ధంగా ఉంచుకోవాలి, కుళాయి దగ్గరలో ఉండాలి. సీసాలను ఒకదాని తరువాత ఒకటే తెరవాలి. మూత తీసిన సీసా మీద వంగి వాసన చూడటం, బ్లీచింగు ద్రవం దగ్గర ఉంచడం, సారాయి, ఎసిటోన్, గోళ్ల రంగు తుడిచే ద్రవం ఉన్న అరలో దాచడం, ఈ మూడూ ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

రాయిని శుభ్రంగా తుడిచి, నగతో రెండు మూడు సెంటీమీటర్ల గీతను కొంచెం వెడల్పుగా, గట్టిగా గీయాలి. పక్కనే వన్నె తెలిసిన సూదితో మరో గీత గీయాలి. తక్కువ వన్నె యాసిడ్‌తో మొదలుపెట్టి, రెండు గీతలనూ అడ్డంగా తాకేలా ఒకే చుక్క వేసి, అర నిమిషం వరకు చూడాలి. చుక్కను నగ మీద నేరుగా వేయకూడదు. అలా వేస్తే మచ్చ పడుతుంది, అతుకులు తినేస్తుంది. పరీక్ష అయ్యాక రాయిని ముందు వంట సోడా నీటితో, తరువాత మామూలు నీటితో కడగాలి. యాసిడ్ తుడిచిన కాగితాన్ని పొడిగా చెత్తబుట్టలో పడేయవద్దు. గాఢ నత్రికామ్లం కాగితాన్ని వేడెక్కించగలదు, అందుకే సోడా నీటిలో ముంచాకే పారేయాలి.

చర్మం మీద పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. పసుపు మచ్చ కొన్ని రోజులు ఉంటుంది. కంట్లో పడితే అంతసేపూ రెప్పలు తెరిచి కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, 108కి ఫోన్ చేయాలి. చాలామందికి తెలియని ప్రమాదం, నత్రికామ్లం లోహాన్ని కరిగించేటప్పుడు లేచే గోధుమరంగు పొగది. అది పీల్చినవారికి అప్పటికి దగ్గు తగ్గి బాగానే ఉన్నట్టు అనిపించినా, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కనుక ఆ పొగ బాగా పీల్చినట్టు అనిపిస్తే, ఇబ్బంది కనిపించే దాకా ఆగకుండా వైద్యుణ్ని కలిసి ఏ యాసిడ్ పొగో చెప్పాలి.

సీసాలను తాళం వేసే పెట్టెలో, నిలువుగా, అసలు చీటీతోనే ఉంచాలి. మంచినీళ్ల సీసాలోకో, కూల్‌డ్రింక్ సీసాలోకో మార్చి పెట్టడం ఇళ్లలో జరిగే అన్ని యాసిడ్ ప్రమాదాల్లోకీ ఘోరమైనది. బలం పోయిన యాసిడ్‌ను మరుగుదొడ్డిలో పోయడం కంటే, నగలు తయారుచేసే పనిశాలలో ఇచ్చేయడం మేలు, వారు ఎలాగూ ఇలాంటి యాసిడ్‌ను రోజూ వాడి, పారేసే ఏర్పాటు చేసుకుని ఉంటారు. అది వీలుకాక కొద్ది చుక్కలే మిగిలి ఉంటే, గాజు గిన్నెలో చాలా నీళ్లు తీసుకుని యాసిడ్‌ను అందులోకి నెమ్మదిగా వంచాలి గాని, యాసిడ్‌లోకి నీళ్లు వంచకూడదు. తరువాత వంట సోడాను చిటికెడు చిటికెడుగా, నురగ రావడం పూర్తిగా ఆగే వరకు వేయాలి.